చెంచమ్మ చాపిన కాళ్ళు

చిలకలూరిపేట దాటి నాలుగు మైళ్ళు లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్ళో, మిరపకాయ ఎర్రబడిందంటే ఇళ్ళల్లో ఆడది మిగలదు. కళ్ళాల్లో ఆరబోసిన కాయల చుట్టూ చేరి తొడాలు తీయడానికి ముసలీ ముతకా అందరూ పోతారు. చెంచమ్మ ఒక్కతే పోదు. ముప్ఫై ఏళ్ళుగా పోలేదు. పోకపోవడమే కాదు, ఇంట్లో కూరకి కారం కూడా గరిటెతో వేస్తుంది తప్ప వేళ్ళు పెట్టదు. పచ్చిమిరపకాయ తుంచాల్సొస్తే పక్కింటి వాళ్ళని కేకేస్తుంది. "మహారాణీగారి చేతులు కందిపోతాయి" అని ఊళ్ళో వేళాకోళం ఆడేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ ఆడేవాళ్ళే ఇంట్లో బిడ్డ పుడితే మాత్రం మొదట ఆమె గుమ్మం ముందుకొచ్చి నిలబడతారు.

ఎందుకంటే ఆ చేతులు పసిపిల్లలకు నీళ్ళు పోసే చేతులు. వేలి గోటి సందున కాసింత కారం ఉన్నా బిడ్డ ఒళ్ళు భగ్గుమంటుంది. చెంచమ్మకి పిల్లల్లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. ఆ ఊరి పిల్లల్లో సగానికి పైగా ఆమె కాళ్ళ మీద కేరుమన్నవాళ్ళే. మీసాలొచ్చిన మగాళ్ళు ఎదురుపడినా ఆవిడకి ముందు గుర్తొచ్చేది వాళ్ళ పిర్ర మీది పుట్టుమచ్చ. అది పైకి చెప్పే అలవాటు కూడా ఉంది కాబట్టి చాలామంది మగాళ్ళు ఆమెని చూసి పక్క సందులోకి తిరిగిపోతారు.

ఆమె పద్ధతి ఆమెది. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి లాక్కుని, రెండు కాళ్ళూ జానెడు ఎడంగా చాపుతుంది. బిడ్డ తల మడమల దగ్గర, కాళ్ళు తన ఒడి వైపు. ముక్కుల్లో రెండు చుక్కల నూనె, ఒంటికి నలుగు, ఆ తరవాత చెంబుతో ధార. నీళ్ళయ్యాక కుంపట్లో సాంబ్రాణి వేసి, ఆ పొగ మీద బిడ్డని అటొకసారి ఇటొకసారి తిప్పుతుంది. మాడు ఆరిందనుకోగానే తుడిచి, పొత్తిగుడ్డల్లో బిగించి చుట్టి తల్లి చేతికిస్తుంది. పొగ ఎక్కువసేపు పెట్టకూడదు. అది ఆమెకి వాళ్ళమ్మ నేర్పిన మొదటి పాఠం.

ఆమె చేతుల్లో పెరిగిన పిల్లలందరిలోకీ ముద్దు శేషు. అసలు పేరు శేషాచలం, తాత పేరు. ఎనిమిదో నెలలోనే తొందరపడి పుట్టాడు. అరచేతిలో పట్టేంత ఉన్నాడు. వాడి నాయనమ్మ కోటేశ్వరమ్మ వాణ్ణి చూసి గోడకి చేరబడిపోతే, చెంచమ్మ దూదిలో చుట్టి, చుక్క చుక్కగా పాలు పట్టించి, రోజుకి ఒకసారి కాళ్ళ మీద వేసుకుని వాణ్ణి మనిషిని చేసింది. తొమ్మిదో నెల వచ్చేసరికి వాడు నీళ్ళు పోస్తుంటే చెంబుని పట్టుకుని లాగే మొనగాడయ్యాడు.

ఎనభై ఏడో సంవత్సరం డిసెంబరులో ఒకరోజు పొద్దున, చెంచమ్మ వాణ్ణి కాళ్ళ మీద వేసుకుని, చెంబు ముంచి, మళ్ళీ కింద పెట్టేసింది.

"అక్కా, ఇయ్యాల వీడికి నీళ్ళు పొయ్యను. డొక్కలెగరేస్తన్నాడు. గుంటూరు తీసకపోవాల."

కోటేశ్వరమ్మ వంటింట్లోంచి తుమ్ముకుంటూ వచ్చింది. "జలుబు చేసిందిలేవే. నాకూ నాలుగు రోజులనించీ ఇట్టాగే ఉంది. నేనేమన్నా గుంటూరు పోయానా? రెండు చెంబులు వేణ్ణీళ్ళు పోసి సాంబ్రాణి పట్టు, నిద్రపోతాడు."

"పొయ్యను. రాఘవులికి కబురుపెట్టు."

చెంచమ్మ నీళ్ళు పోయనన్న మాట ఆ ఊళ్ళో అంతకు ముందెవరూ వినలేదు. అందుకే కోటేశ్వరమ్మ కూడా మరో మాట అనకుండా కొడుక్కి కబురుపెట్టింది. రాఘవులు పేటలో పత్తి మిల్లులో పనిచేస్తాడు. గుంటూరుకి బేళ్ళు తోలే లారీ ఒకటి బయలుదేరుతుంటే దాన్ని ఇంటి ముందుకు తెచ్చాడు. పిల్లాడి తల్లి మల్లేశ్వరిని, పిల్లాణ్ణి, చెంచమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. చెంచమ్మ ఎందుకంటే, ఎవరెత్తుకున్నా గుక్కపట్టి ఏడుస్తున్నవాడు ఆమె కాళ్ళ మీద మాత్రం కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాడు. కోటేశ్వరమ్మా రాఘవులూ వెనక బస్సులో వచ్చారు.

పిల్లల ఆస్పత్రిలో డాక్టరు పేరు త్యాగరాజు. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు, మాట మాత్రం ఆచితూచి. పిల్లాడి చొక్కా ఎత్తి, పక్కటెముకల కింద గుంటలు పడడం చూశాడు. వెంటనే ఆక్సిజన్ పెట్టించాడు. ఆ తరవాత అడిగాడు: "ముక్కులో నూనె పోస్తారా?"

"పోస్తానండీ. మా అమ్మ కూడా పోసేది."

"ఇక పొయ్యొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. కానీ ఇది దాని వల్ల వచ్చింది కాదు. వైరస్ అని, కంటికి కనపడని పురుగు. పెద్దవాళ్ళకి వస్తే జలుబు, ఇలాంటి పసివాళ్ళకి, అందులోనూ నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి వస్తే ఊపిరి అందదు. ఇంట్లో ఎవరికైనా జలుబు చేసిందా?"

అందరూ కోటేశ్వరమ్మ వైపు చూశారు. ఆవిడ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టింది. ఆవిడకి చదువు రాదు. డాక్టరు చెప్పిన మాటల్లో ఆవిడ చెవికెక్కింది మొదటి ముక్క ఒక్కటే. నూనె ప్రమాదం, నూనె పోసింది చెంచమ్మ. మిగతాదంతా ఆవిడకి గాలికి పోయింది. వరండాలోకి రాగానే కొడుకుతో, చెంచమ్మకి వినపడేటట్టే అంది: "దాని చేతులే వీడి పీకల మీదికి తెచ్చినయ్యిరా."

చెంచమ్మకి కోపం రాలేదు. భయం వేసింది. డాక్టరు కాదన్నాడు నిజమే, కానీ ఆ రెండు చుక్కలు తన వేళ్ళలోంచే కదా జారింది. వీడికేమైనా అయితే ఊళ్ళో ఏ తల్లీ బిడ్డని తన కాళ్ళ మీద పడుకోబెట్టదు. పడుకోబెట్టినా తనే చాపలేదు. వాడు బతకాలి. వాడు బతికితేనే తనకి ఆ కాళ్ళూ చేతులూ ఉన్నట్టు.

డాక్టరు దగ్గర కొత్త మందొకటి ఉంది. మింగేది కాదు, పొడిచేదీ కాదు. పొడిని నీళ్ళల్లో కలిపి ఒక మిషనులో పోస్తే అది సన్నటి పొగమంచు చేసి గొట్టంలోంచి వదులుతుంది. పిల్లాడి తల మీద గాజులాంటి ప్లాస్టిక్ డొప్ప ఒకటి పెట్టి ఆ పొగ అందులోకి పట్టిస్తే, పీల్చిన మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. డాక్టరుకి చదువు చెప్పిన పెద్దాయన ఎవరో తెప్పించి ఇచ్చిన మిషను అది. దానితో పాటు వచ్చిన సీసాల్లో మిగిలినవి మూడే. రోజుకొక సీసా, పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా, మూడు రోజులు.

"పన్నెండు గంటలా?" అన్నాడు రాఘవులు.

"పన్నెండు గంటలు. మధ్యలో పాలకి తప్ప తియ్యకూడదు. వాడు ఏడ్చి డొప్ప తోసేస్తే మందు గదిపాలు. అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను. వీడికి మాత్రం వాడి చూడాలి."

మర్నాడు తెల్లవారుతుండగానే సీతారత్నం అనే సిస్టరు గది సిద్ధం చేసింది. ఆమె తలుపు దగ్గర నిలబడి, అందరి ముందూ కాగితం చూసి చదివినట్టు చెప్పింది: "గదిలో పిల్లాడి దగ్గర ఒక్కరే ఉండాలి. ఈ మందు పొగ కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిది కాదంటున్నారు. లోపలి బిడ్డకి దెబ్బ. మా సిస్టర్లలో కూడా అలాంటివాళ్ళని ఇటు రానివ్వడం లేదు. ఏమ్మా, నువ్వేమన్నా నెల తప్పావా?"

మల్లేశ్వరి ఒకవైపు మొగుణ్ణి, ఒకవైపు అత్తని చూసింది. "లేదండీ" అంది.

అది అబద్ధమని చెంచమ్మకి తెలుసు.

కడుపు సంగతి ఆమె పదిహేను రోజుల కిందటే కనిపెట్టింది. మల్లేశ్వరి చెప్పలేదు, చెప్పదు కూడా. శేషు కంటే ముందొక కడుపు రెండో నెలలో పోయింది. నెల తప్పిన వారానికే నలుగురికీ చెప్పుకోవడం వల్లే దిష్టి తగిలిందని కోటేశ్వరమ్మ తేల్చింది. ఆనాటి నుంచీ ఆ ఇంట్లో ఒకటే చట్టం. మూడో నెల నిండేదాకా నోటి వెంట రానివ్వకూడదు, మొగుడికైనా సరే. శేషు కడుపున పడ్డప్పుడూ అట్లాగే జరిగింది. ఇప్పుడూ మల్లేశ్వరి ఆ చట్టమే పాటిస్తోంది. కానీ రోజూ శేషుకి నీళ్ళు పోసి సాంబ్రాణి వేసే వేళకి ఆ పిల్ల చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దొడ్లోకి పోవడం చెంచమ్మ చూసింది. నిండు బిందె ఎత్తడం మానేయడమూ చూసింది. మూడు దశాబ్దాలుగా బాలింతల ఇళ్ళల్లో తిరిగే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు ఆ పిల్ల గదిలోకి అడుగు పెట్టబోతోంది. నిజం చెబితే అత్త ముందు, మొగుడి ముందు, పరాయివాళ్ళ ముందు రహస్యం బయటపడుతుంది. ఆ తరవాత ఆ కడుపుకి ఏం జరిగినా అది చెంచమ్మ నోటి పాపమే అవుతుంది. చెప్పకపోతే పొగ.

చెంచమ్మ అడ్డం వెళ్ళి తలుపుకి చేరబడింది.

"తల్లి లోపలికి రాగూడదు. నేను కూచుంటా."

"నువ్వెవరివే చెప్పడానికి?" అంది కోటేశ్వరమ్మ.

"తల్లి కనపడితే వాడు పాలకోసం గుక్కపెడతాడు. గుక్కపెడితే డొప్ప తన్నేస్తాడు. డాక్టరుబాబు చెప్పింది విన్లా? మూడు సీసాలే ఉన్నయ్యి. నా కాళ్ళ మీదయితే వాడు కదలడు."

"నీ కాళ్ళ మీద పెట్టబట్టేగదే ఈడ దాకా వచ్చింది. ఇంకా నీకే అప్పజెప్పాలా? రాఘవులూ, దీన్ని బస్సెక్కించరా."

"నన్ను బస్సెక్కించాలంటే నలుగురు మోసకపోవాల" అంది చెంచమ్మ. ఆవిడ మనిషి కొంచెం భారీ. రాఘవులు ఆమె వైపు చూసి, తల్లి వైపు చూసి, ఆ పని తన వల్ల కాదని తేల్చుకుని నేల చూపులు చూశాడు. మల్లేశ్వరి మాత్రం చెంచమ్మ కళ్ళల్లోకి చూసింది. ఏం చదువుకుందో ఏమో, ముఖం ఎర్రబడింది. పిల్లాణ్ణి మెల్లిగా చెంచమ్మ చేతుల్లో పెట్టి వరండాలోకి వెళ్ళిపోయింది.

"తల్లి నోరు కూడా కట్టేసింది" అని కోటేశ్వరమ్మ సాయంత్రం దాకా అంటూనే ఉంది.

మొదటిరోజు చెంచమ్మ చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్పుకుని నవ్వుకోవచ్చు గానీ ఆ రోజు నవ్వు రాలేదు. సిస్టరు మిషను పెట్టి, డొప్ప సర్ది, పక్క వార్డులో కేక వినిపిస్తే వెళ్ళింది. చెంచమ్మ పొగ వైపు చూసింది. వేడి లేదు. వాసన లేదు. వాసన లేని పొగ ఏం పొగో ఆవిడకి అర్థం కాలేదు. అయినా పొగ పొగే. పన్నెండు గంటలని డాక్టరు అన్నది మిషను గురించి అనుకుంది. మిషను తిరిగితే తిరుగుతుంది, పిల్లాణ్ణి అంతసేపు పొగలో ఉంచే మూర్ఖులు ఎక్కడన్నా ఉంటారా? మాడు ముట్టుకు చూసింది. చెమ్మగా ఉంది. ఎక్కువైపోయిందనుకుంది. డొప్ప తీసి పక్కన పెట్టి, తలా ఒళ్ళూ శుభ్రంగా తుడిచి, పొత్తిగుడ్డలో బిగించి చుట్టి, భుజాన వేసుకుని జో కొట్టింది. తన పని తాను సక్రమంగా చేశానన్న తృప్తితో కునుకు కూడా తీయబోయింది.

గంట తరవాత డాక్టరు వచ్చేసరికి మంచం మీద ఖాళీ డొప్ప హాయిగా మందు పీలుస్తోంది.

త్యాగరాజు కేకలు వేసే రకం కాదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎందుకు తీశావమ్మా?"

"పొగ పట్టడం అయిపోయిందిగదా బాబూ. ఇంకాసేపుంచితే ఊపిరాడదు."

"ఇది సాంబ్రాణి కాదమ్మా, మందు. వాడు పీల్చినంతసేపే పనిచేస్తుంది. ఒక గంట మందు నేల పాలయింది." ఆయన సిస్టరు వైపు తిరిగాడు. "ఈమె వల్ల కాదు. తల్లిని పిలవండి."

చెంచమ్మకి తల కొట్టేసినట్టయింది. తప్పు చేసినందుకు ఒక సిగ్గు, ఆ తప్పు వల్లే ఆ పిల్ల పొగలోకి రావాల్సొస్తోందన్న భయం ఇంకోటి. భుజం మీద శేషు ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది.

"తల్లిని పిలవొద్దు బాబూ."

"ఎందుకు?"

"చెప్పగూడదు."

"చెప్పకపోతే ఎట్లా?"

చెంచమ్మ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. "పొద్దున సిస్టరమ్మ అత్తా మొగుడూ ఎదురుంగా ఆ పిల్లనొక మాటడిగింది. ఆ మాట మీరొకసారి మళ్ళీ మనసులో అనుకోండి. అట్టాంటి మాటకి మా ఊళ్ళో ఆడపిల్ల అందరి ముందర ఏం చెప్పుద్దో అది కూడా అనుకోండి. నా నోటమ్మట మాత్రం అనిపించబాకండి."

సీతారత్నం చేతిలో కాగితం కిందికి దించింది. మొదట ఆమెకే అర్థమైంది, తరవాత డాక్టరుకి. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"సరే. తల్లి ఈ గదిలోకి రాదు. పాలు పిండి పంపించమనండి. ఇక నువ్వు చెప్పు, పన్నెండు గంటలు వీణ్ణి ఈ డొప్ప కింద కదలకుండా ఉంచగలవా?"

"మంచం మీద ఉంచలేను. కాళ్ళ మీద ఉంచుతా."

అట్లా మొదలైంది. చెంచమ్మ గోడకి వీపు ఆనించి మంచం మీద కూర్చుంది. రెండు కాళ్ళూ చాపి మడమల కింద మడతపెట్టిన దుప్పటి పెట్టించుకుంది, తల వైపు కాస్త ఎత్తుగా ఉండాలని డాక్టరు చెప్పాడు కాబట్టి. శేషుని పడుకోబెట్టింది. వాడు పుట్టింది మొదలు ఎరిగిన చోటది. అక్కడ పడుకుంటే తరవాత ఏం జరుగుతుందో వాడికి తెలుసు. డొప్ప పెట్టగానే ఒకసారి మూలిగాడు. చెంచమ్మ బొజ్జ మీద అరచేయి వేసి, నీళ్ళు పోసేటప్పుడు అనే మాటలే అనడం మొదలుపెట్టింది. "ఇదిగో చెయ్యి తోమా, ఇదిగో కాలు తోమా, ఇదిగో శేషయ్య వీపు తోమా." చెంబు లేదు, నీళ్ళు లేవు. మాటలు మాత్రం అవే. వాడు నీళ్ళ కోసం ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ నిద్రపోయాడు.

కాళ్ళు రెండో గంటకి తిమ్మిరెక్కాయి, నాలుగో గంటకి అవి తనవి కానట్టయ్యాయి. పాలు పట్టే వేళ డొప్ప తీసినప్పుడు సిస్టరు వాటిని పట్టి ఎత్తి అటూ ఇటూ తిప్పేది. "మామ్మా, కాసేపు నేను ఎత్తుకుంటాను" అంటే, "నీకింకా పెళ్ళీ పేరంటం ఉన్నయ్యి. ఈ పొగలోకి మాటిమాటికీ రాబాక. నాకింక చెడేదేముంది?" అనేది. సాయంత్రానికి డొప్ప అంచున, ఆమె పాదాల మీద తెల్లటి పొడి పేరుకుంది, ముగ్గేస్తే రాలిన పిండిలా. దాన్ని తుడిచి పారెయ్యబోతే ఆమెకి మనసొప్పలేదు. "ఎంత మందు నా కాళ్ళే తాగాయమ్మా" అంది.

రెండోరోజు వాడి డొక్కలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. ఆ రోజు చెంచమ్మ అన్నం ముట్టలేదు. గాజు కిటికీ అవతల మల్లేశ్వరి నిలబడి ఉండేది, వాడికి కనపడకుండా ఒక పక్కగా. ఆమె పక్కన కోటేశ్వరమ్మ, లోపలున్నది మనవడో బందిపోటో అన్నట్టు కాపలా కాస్తూ. అద్దంలోంచి మాటలు వినపడవు గానీ పెదాల కదలికను బట్టే తనని తిడుతోందని చెంచమ్మకి తెలిసిపోయేది. ఆవిడ తిట్టుకోవడమే మంచిది, అనుకుంది. తిడుతున్నంతసేపూ కోడలి వైపు చూడదు.

మూడోరోజు మధ్యాహ్నం, సీసాలో మందు సగానికి దిగిన వేళ, చెంచమ్మ అరచేతి కింద బొజ్జ మెత్తగా లేచి మెత్తగా దిగింది. మరోసారి చూసుకుంది. పక్కటెముకల కింద గుంట పడడం లేదు. వాడు కళ్ళు తెరిచి, డొప్పలోంచి ఆమెని చూసి, రెండు చేతులూ తల పైకి చాపి ఆమె కాలి బొటనవేలు పట్టుకుని లాగాడు. ఆ వేలికి స్పర్శ లేదు. అయినా చెంచమ్మకి ఒళ్ళంతా తెలిసింది. ఎవరూ చూడడం లేదని చూసుకుని కాస్త ఏడ్చింది.

"మందు గుణం ఎంతో, ఆక్సిజన్ గుణం ఎంతో, వాడి మొండితనం ఎంతో నేను చెప్పలేను" అన్నాడు త్యాగరాజు స్టెతస్కోపు తీసి. "నీ కాళ్ళ గుణం మాత్రం కేసు షీట్లో రాయడానికి నాకు చోటు లేదు."

"రాయబాకండి బాబూ. ఊళ్ళో చాలామంది నా గురించి కతలు రాసుకుంటార్లే."

ఆమె అన్నది నిజమే అయింది. శేషు నవ్వుకుంటూ ఊరికి తిరిగొచ్చాడు. కోటేశ్వరమ్మ వీధివీధికీ చెప్పింది, డాక్టరు దేవుడని, మిషను దేవుడి మిషనని. చెంచమ్మ మాట వచ్చేసరికి, ముక్కులో నూనె పోసి పిల్లాణ్ణి చావు దాకా తెచ్చిందని, ఆపైన కన్నతల్లిని గదిలోకి రానివ్వకుండా పెత్తనం చేసిందని. అందులో అబద్ధం లేదు. నూనె పోసింది, తల్లిని రానివ్వలేదు. చెంచమ్మ దేన్నీ కాదనలేదు. మల్లేశ్వరి నోరు విప్పలేదు. ముందు రహస్యం అడ్డం, మూడో నెల నిండాక ఆనాడు ఆస్పత్రిలో అబద్ధం చెప్పానని ఒప్పుకోవాల్సిన భయం అడ్డం.

ఆ చలికాలం చెంచమ్మ నీళ్ళు పోసే ఇళ్ళు నాలుగు. శేషు వాళ్ళిల్లు మొదట పోయింది. మిగతా మూడూ ఒక్కొక్కటిగా, "మా అమ్మ వచ్చింది, తనే పోసుకుంటదిలే" అంటూ పోయాయి. ఫిబ్రవరి వచ్చింది. కళ్ళాలు ఎర్రబడ్డాయి. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి చెంచమ్మ గంప పట్టుకుని తొడాలు తీయడానికి వెళ్ళింది. ఆమెని చూసి కళ్ళంలో ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ఎవరూ మహారాణి అనలేదు. ఆమే అంది: "ఏంది, మహారాణీగారొస్తే లేచి నిలబడరే?" అంతా నవ్వారు, తనూ నవ్వింది. ఆమెకి ఊళ్ళో ఎవరి మీదా కసి లేదు. శేషు పాకుడు మానేసి గోడ పట్టుకుని నిలబడుతున్నాడని ఎవరో చెబితే, ఆ రోజంతా కాయలు ఆమె చేతుల్లో వాటంతటవే తొడాలు వదిలాయి. సాయంత్రానికి వేళ్ళు భగభగమనేవి. ఆ మంటే ఒక్కటి బాధ. అది ఇక ఏ బిడ్డనీ ముట్టుకోవడానికి లేదని గుర్తుచేసేది.

ఆ నెలలోనే శేషుని మళ్ళీ చూపించమన్నారని కోటేశ్వరమ్మ కోడల్ని, మనవణ్ణి తీసుకుని గుంటూరు వెళ్ళింది. మల్లేశ్వరికి నాలుగో నెల నడుస్తోంది, కొంచెం తెలుస్తోంది. సీతారత్నం సిస్టరు శేషుని ఎత్తుకుని ముద్దాడి, మల్లేశ్వరిని చూసి నవ్వింది.

"అంతా బాగుందా? ఆ రోజు నువ్వు లేదని అన్నావు గానీ, మీ చెంచమ్మ మామ్మ నోటితో అనకుండానే మాకు అర్థమయ్యేట్టు చెప్పి నిన్ను లోపలికి రానివ్వలేదు. ఆమె మాట వినకపోతే ఈపాటికి ఎంత భయపడాల్సి వచ్చేదో. ఆమె బాగుందా? కాళ్ళు సర్దుకున్నాయా?"

కోటేశ్వరమ్మ బెంచీ మీద కూర్చుంది. డాక్టరు పిల్లాడు భేషుగ్గా ఉన్నాడని చెప్పి పంపించాడు. పేటలో బస్సు దిగాక కోటేశ్వరమ్మ కోడల్ని ఒక్కటి అడిగింది.

"దానికెట్టా తెలిసిందే?"

"సాంబ్రాణి వాసనకి నేను దొడ్లోకి పోతుంటే చూసింది అత్తా."

"నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాగా" అంది కోటేశ్వరమ్మ.

పొద్దు ఇంకా ఉండగానే చెంచమ్మ కళ్ళం నుంచి ఇంటికొచ్చింది. తన ఒంటికి నీళ్ళు కాచుకుంది. కాళ్ళు కడుక్కుంది. చేతులు మజ్జిగలో ముంచుకుని గుమ్మంలో కూర్చుంది. అప్పుడు కోటేశ్వరమ్మ వచ్చింది. ఎన్నడూ ఆ ఇంటి గడప తొక్కని మనిషి. చంకలో శేషు, భుజాన పొత్తిగుడ్డ, చేతిలో నలుగుపిండి గిన్నె. వెనకాల నాలుగడుగుల దూరంలో మల్లేశ్వరి.

శేషు చెంచమ్మని చూడగానే చంకలోంచి కిందికి దూకబోయాడు.

"నీళ్ళు కాగినయ్యా?" అంది కోటేశ్వరమ్మ.

"కాగినయ్యి. నా కోసం పెట్టుకున్నా."

"వీడికి పొయ్యాల."

చెంచమ్మ మజ్జిగలోంచి చేతులు తీసి చూపించింది. వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "ముట్టుకోలేను అక్కా. వారం రోజులనించీ మిరపకాయల్లో ఉన్నయ్యి. పసోడి ఒళ్ళు మండిపోయిద్ది."

కోటేశ్వరమ్మ ఆ చేతుల వైపు చూసింది. తను ఏ మాటలతో ఆ చేతుల్ని కళ్ళంలోకి తోలిందో ఆవిడకి ఒక్కొక్కటీ గుర్తొచ్చినట్టుంది. క్షమించమనడం ఆవిడకి పుట్టుకతోనే రాలేదు, అరవయ్యో ఏట రమ్మంటే ఎక్కడ వస్తుంది? గొంతు సవరించుకుని, గిన్నె కింద పెట్టి, చీర చెంగు నడుముకి దోపుకుంది.

"చేతులు నాయి ఉన్నయ్యిగా. నేను పోస్తా" అంది. "కాళ్ళకేం కారం లేదుగదా. కాళ్ళు చాపు."

చెంచమ్మ పీట లాక్కుని కూర్చుంది. చీర మోకాళ్ళ పైకి జరుపుకుని, రెండు కాళ్ళూ చాపింది.